ఎగరని ఆవగింజలు

ఏడో బురుజు కింద డప్పు మీది ఆవగింజలన్నిటినీ ఎవరో తుమ్మజిగురుతో అతికించేశారు!

శరభుడు తన కళ్లను తానే నమ్మలేకపోయాడు. దివిటీ దగ్గరగా పట్టి చూశాడు. పిడికెడు గింజలు డప్పు తోలు మీద చెదురుమదురుగా, ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. పైన ప్రాకారం మీద రాతిగుండ్ల బండి ఒకటి దొర్లుతూ పోయింది. గుంట గోడల నుంచి మట్టి జలజల రాలింది. గింజ ఒక్కటీ కదలలేదు. వేలితో తోశాడు, కదలలేదు. గోటితో గీకాడు. ఎర్రని జిగురు పెచ్చు గింజతో సహా ఊడివచ్చింది.

ఊడిన గింజను డప్పు మధ్యలో వేశాడు. కాలిన పెనం మీద పడ్డట్టు అది చిటుక్కున ఎగిరింది. మళ్లీ ఎగిరింది. ఎగురుతూ ఎగురుతూ అంచు దాటి చీకట్లో పడిపోయింది.

శత్రువు సరిగ్గా శరభుడి అరికాళ్ల కింద ఉన్నాడు!

శిలాకవాట నగరం రెండు సామ్రాజ్యాల సరిహద్దున, నల్లరాతి కొండల నడుమ తలుపులా నిలిచిన ఊరు. తూర్పున హంసధ్వజ సామ్రాజ్యం, పడమట వృకధ్వజ సామ్రాజ్యం. నగరం హంసధ్వజులది. దాని మీద తోడేలు జెండా ఎగరెయ్యాలని వృకధ్వజులు అరవై నాలుగు రోజులుగా ముట్టడి వేసి కూర్చున్నారు. గోడలు ఎక్కబోయి వేలమంది పోయారు. ఇక వాళ్లకు మిగిలింది గోడల కిందికి సొరంగాలు తవ్వడం.

దానికి విరుగుడు శిలాకవాటంలో తాతముత్తాతల నాడే ఉంది. ప్రతి బురుజు కిందా ఒక లోతైన గుంట. దాన్ని చెవిగుంట అంటారు. అందులో ఒక డప్పు, డప్పు మీద ఆవగింజలు. కింద గునపం పడితే గింజలు ఎగురుతాయి. గింజలు ఎగిరితే ఆ గుంటల కాపరి అయిన చెవికాపు శంఖం ఊది, ఆ బురుజు వంతుగా ఉన్న పన్నెండుమంది పేర్లు పిలుస్తాడు. గునపాల దళంవాళ్లు పన్నెండుగురూ గుంటలోకి దిగుతారు. వాళ్లు దిగిన వెంటనే శత్రువు ఆ దారినే ఊళ్లోకి రాకుండా పైన మూతిని రాళ్లతో, సున్నంతో మూసేస్తారు. దిగినవాళ్లు ఎదురు తవ్వి, శత్రువు సొరంగాన్ని కూల్చి, దాని గుండానే బయటపడాలి. సొరంగం దొరక్కపోతే ఆ మట్టిలోనే ఊపిరి విడవాలి.

ఆ ఆచారం పేరు పన్నెండుగురి పిలుపు. పిలుపు విని వెనుతిరిగినవాడు ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు. ఈ ముట్టడిలో ఐదు పిలుపులు వచ్చాయి. మొదటి పిలుపులో ఏడుగురు తిరిగివచ్చారు. తర్వాతి నాలుగింటిలో ఒక్కడూ రాలేదు.

చెవిగుంటల్లోకి దిగే హక్కు ముగ్గురికే ఉంది. దండనాయకుడు విక్రాంతవర్మ. చెవికాపు కోనప్ప. గునపాల దళానికి నాయకుడైన శరభుడు. ఏడో బురుజు వంతు శరభుడిదీ, అతని పదకొండుమందిదీ. కోనప్పకు జ్వరం తగిలి నిన్న సాయంత్రం లోపలి కోటకు వెళ్లిపోయాడు కాబట్టే ఈ ఉదయం శరభుడు గింజలు చూడటానికి దిగాడు.

అతడు మెట్లు రెండేసి దాటుకుంటూ పైకి దూసుకువచ్చాడు.

"బురుజు దిగండి! అందరూ దిగండి! కింద సొరంగం ఉంది!"

తూర్పున సూర్యుడు అప్పుడే పైకి వచ్చాడు. కొండ అంచుల నుంచి జారిన లేత వెలుగు నగరం మీద కుంకుమ నీళ్లలా పరుచుకుంటున్నది. రాగిరేకుల గోపురాలు మెరుస్తున్నాయి. వీధుల్లో ఆడవాళ్లు నీళ్ల కడవలతో వంటశాలల వైపు వెళ్తున్నారు. గోడ అవతల, కనుచూపు మేరా, శత్రువుల డేరాలు వాన తర్వాత లేచిన పుట్టగొడుగుల్లా తెల్లగా ఉన్నాయి. ఆ డేరాల్లో ఒక్క మనిషి అలికిడి కూడా లేదు. సైన్యమంతా అప్పటికే ఏడో బురుజుకు ఎదురుగా బారులు తీరి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నది!

దండనాయకుడు విక్రాంతవర్మ బురుజు కొనమీద ఉన్నాడు. శరభుడి మాట వింటూనే గిరుక్కున వెనుదిరిగాడు.

"నిన్న మధ్యాహ్నం కూడా దిగి చూశాను. గింజలు కదలలేదే!"

"కదలవు ప్రభూ. జిగురు పూసి ఉన్నాయి."

విక్రాంతవర్మ ఒక్క క్షణం శరభుణ్ని చూశాడు. శరభుడూ ఆయన్ని చూశాడు. ఇద్దరి మనసుల్లోనూ ఒకటే అనుమానం. అంతలో కాళ్ల కింద రాయి మూలిగింది.

"లోపలి కోటకు పో!" అని అరిచాడు విక్రాంతవర్మ. "ఆరువేలమంది ఉన్నారక్కడ. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. అక్కడి చెవిగుంటలో డప్పు ఎలా ఉందో చూడు. మన చక్రవర్తి సేన రెండు రోజుల్లో వస్తుంది. సొరంగం లేకపోతే అంతదాకా తలుపులు మూసుకుని ఉండమను. ఉంటే ఏటి తూములోంచి అందర్నీ బయటికి పంపెయ్యమను. పో!"

"తమరు..."

"నేను ఇక్కడ ఉంటాను."

శరభుడు మెట్లు దిగి ఇరవై అడుగులు వేశాడో లేదో, వెనుక భూమి నోరు తెరిచింది. కింద సొరంగంలో శత్రువులు నిలిపిన దుంగలకు నిప్పు పెట్టారు. దుంగలు కాలి విరిగాయి. వందేళ్ల బురుజు, దాని మీద మూడువందల మంది యోధులు, అందరికీ పైన జెండా కొయ్య పట్టుకుని విక్రాంతవర్మ, ఒక్కసారిగా లోపలికి కుంగిపోయారు. దుమ్ము ఆకాశానికి లేచి సూర్యుణ్ని కప్పేసింది. ఆ దుమ్ములోంచి వేల గొంతుల తోడేళ్ల ఊళ వినిపించింది.

దండనాయకుడు ద్రోహి కాడు. కూలబోయే బురుజు మీద ద్రోహి నిలబడడు.

శరభుడు పరుగెత్తాడు.

పావు జాములో శిలాకవాటం శిలాకవాటంలా లేకుండా పోయింది. తోడేలు తోళ్లు కప్పుకున్న సైనికులు గండిలోంచి వరదలా దిగారు. నేతగాళ్ల వీధిలో పట్టు థానులు మండుతూ గాలిలో ఎగిరాయి. కంచరివాళ్ల వీధి నిండా తొక్కిన గిన్నెలు. ఒక ఇంటి ముందు ముగ్గు సగం వేసి ఉంది. ముగ్గుచిప్ప పక్కనే పడి ఉంది. వేసిన మనిషి లేదు. ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని, ఏమీ జరగనట్టు, మగ్గం దారం చుడుతూనే ఉన్నాడు. శరభుడు చెయ్యి పట్టుకుని లాగితే, "ఉండు బాబూ, ఈ కండె అయిపోనీ" అన్నాడు. అతణ్ని భుజాన వేసుకుని సందు చివరి నేలమాళిగలో దింపి మళ్లీ పరుగెత్తాడు.

మలుపులో ఎవడో శరభుణ్ని మెడ పట్టి తలుపు చాటుకు లాగాడు.

"అన్నా, నేనే! కత్తి దించు. నన్ను పొడిస్తే నీకు ముద్ద పెట్టేవాడుండడు."

సైనిక వంటశాలలో పనిచేసే భైరవుడు! గుమ్మటంలాంటి పొట్ట, మొహం నిండా మసి. అతని కాళ్ల దగ్గర ఇద్దరు తోడేలు సైనికులు స్పృహ లేకుండా పడి ఉన్నారు.

"వీళ్లను నువ్వే కొట్టావా?"

"నేనా? గంగాళం కొట్టింది. నేను పై నుంచి వదిలానంతే."

ఇద్దరూ ఆ సైనికుల తోళ్లు ఒలిచి కప్పుకున్నారు. మొహాలకు వాళ్లలాగే బూడిద పూసుకున్నారు. భైరవుడి పొట్ట మీద తోలు సగానికే వచ్చింది.

"ఇదేం తోడేలన్నా, తిండి లేక చచ్చినట్టుంది!"

"నోరు మూసుకుని నడు."

లోపలి కోటకు దారి అంగడి చౌకు మీదుగానే పోతుంది. అక్కడికి చేరేసరికి ఇద్దరి కాళ్లూ నేలకు అతుక్కుపోయాయి. చౌకు నడుమ రెండు దుమ్ములగొండులు లాగుతున్న ఎముకల రథం ఆగి ఉన్నది. రథం మీద జడలు కట్టిన తలతో, గడ్డంలో బతికున్న పచ్చని పాముతో, ఒక పొడవాటి మనిషి కూర్చుని ఉన్నాడు. కళ్లు ఉండవలసిన చోట రెండు నిప్పుకణికలు ఎర్రబడి ఆరుతూ ఉన్నాయి. వృకధ్వజుల మాంత్రికుడు జటాకరాళుడు!

అతని ముందు ఒక దళపతి చీలిన డప్పును పట్టుకుని నిలబడ్డాడు.

"స్వామీ, ఇది శిథిలాల్లో దొరికింది. గింజలకు జిగురు పూసి ఉంది. కోటలో మనకు సాయపడిన మహానుభావుడు ఎవరో చెబితే వాడి ఇంటి జోలికి పోకుండా చూసుకుంటాం."

జటాకరాళుడు డప్పును తిప్పి తిప్పి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. నవ్వుతుంటే గడ్డంలో పాము అటూ ఇటూ ఊగింది.

"నాకేం తెలుసురా? నేను ఎవరినీ పంపలేదు. నా భూతాల చేత ఉత్త మట్టిలో రోకళ్లు దంపించాను. అంతే! నాలుగుసార్లు ఈ పిచ్చివాళ్ల ఆవగింజలు ఎగిరాయి. నాలుగుసార్లు తమ మనుషుల్ని తామే పూడ్చుకున్నారు. నలభై ఎనిమిది మంది, ఒక్క కత్తి దెబ్బ లేకుండా! కాని ఈ జిగురు నాది కాదు. వాడెవడో దొరికితే తీసుకురండి, బంగారు పల్లకీలో ఊరేగిస్తాను."

ఆ నాలుగు పిలుపుల్లో పోయినవాళ్లందరూ శరభుడి దళంవాళ్లే. వాళ్ల కింద శత్రువు లేడు. సొరంగం లేదు. ఉత్త మట్టి! అతని చెయ్యి కత్తి పిడి మీదికి పోయింది. భైరవుడు అతని మోచెయ్యి గట్టిగా నొక్కాడు.

అంతలో దుమ్ములగొండి ఒకటి ముట్టె ఎత్తి గాలి పీల్చింది. శరభుడి వైపు తిరిగి గుర్రుమన్నది.

"ఎవర్రా మీరు?" అన్నాడు దళపతి. "ఏ దళం?"

"వంట దళం దొరా!" అన్నాడు భైరవుడు వంగి దండం పెడుతూ.

"తోడేలు సేనలో వంట దళమేమిటి?"

"అందుకే దొరా అందరూ అలా చిక్కిపోయారు!"

జటాకరాళుడి కణికల కళ్లు భగ్గుమన్నాయి. "వీడి చేతులకు తడిమట్టి వాసన! వీడు గునపాలవాడు! పట్టుకోండి!"

నలుగురు మీద పడ్డారు. శరభుడు మొదటివాణ్ని భుజంతో తోసి, రెండోవాడి శూలం లాక్కుని, దాని కర్రతో మిగిలిన ఇద్దరి మోకాళ్లు విరగ్గొట్టాడు. మాంత్రికుడు అరచెయ్యి తెరిచాడు. అందులోంచి నల్లని పొగ తాడులా సాగి శరభుడి గొంతుకు చుట్టుకుంది. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి.

"మహానుభావా, కాస్త మిరియాల చారు!" అంటూ భైరవుడు నడుము సంచి విప్పి, దంచిన మిరియాలన్నీ దుమ్ములగొండుల ముట్టెల మీద గుమ్మరించాడు.

అవి చెవులు చిల్లులు పడేలా అరిచి, రథంతో సహా కుండల అంగడిలోకి దూసుకుపోయాయి. మాంత్రికుడు వెల్లకిలా పడ్డాడు. పొగతాడు తెగింది. శరభుడూ భైరవుడూ సందులు పట్టి, బాణాలు చెవుల పక్కనుంచి దూసుకుపోతుంటే, లోపలి కోట దిడ్డివాకిలి దగ్గరకు వచ్చి పడ్డారు. తోళ్లు విసిరేసి మొహాల బూడిద తుడుచుకుంటే గాని కావలివాళ్లు తలుపు తీయలేదు.

లోపల ఆరువేలమంది ఉన్నా చిన్న సవ్వడి లేదు. తల్లులు పిల్లల నోళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. విక్రాంతవర్మ తల్లి మహాలసాదేవి ఎదురు వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి; నడుముకు కత్తి కట్టుకుని ఉంది.

"నా కొడుకు?"

"చివరిదాకా నిలబడే ఉన్నారమ్మా."

ఆమె కళ్లు ఒకసారి మూసి తెరిచింది. "రా. డప్పు చూడు."

లోపలి కోట చెవిగుంట కొలువుకూటం కిందే ఉంది. అక్కడ గోడకు ఆనుకుని కోనప్ప కూర్చుని ఉన్నాడు. తెల్లని జుట్టు, కంబళి కప్పుకున్న బక్క మనిషి. శరభుడికి తల్లీ తండ్రీ లేరు. మూడేళ్లవాడుగా ఉన్నప్పుడు కూలిన ఇంటి కింద నుంచి చేతులతో తవ్వి తీసి, పెంచి, గునపం పట్టడం నేర్పినవాడు కోనప్పే. శరభుణ్ని చూడగానే ముసలాయన చెయ్యి చాచాడు. "బతికి ఉన్నావా నాయనా" అన్నాడు.

శరభుడు డప్పు మీద చెయ్యి వేశాడు. ఇక్కడ జిగురు లేదు. గింజలు విడివిడిగా ఉన్నాయి. విడివిడిగా ఎగురుతున్నాయి!

"సొరంగం!" అన్నాడు భైరవుడు.

"కాకపోవచ్చు" అన్నాడు శరభుడు. చౌకులో విన్నది గబగబా చెప్పాడు. భూతాల రోకళ్లు, ఉత్త మట్టి, నలభై ఎనిమిది మంది.

మహాలసాదేవి మొహం రాయిలా అయింది. "ఏటి తూము ఒక్కొక్కరు పట్టే దారి. బయట ఇసుకలో చాటు లేదు. శత్రువు గుర్రాలు అటు తిరిగితే పిల్లలతో సహా అందరూ పోతారు. ఇది రోకలి అయితే మనం కదలకూడదు. గునపం అయితే క్షణం ఉండకూడదు. ఏది? ఎవరు చెప్పగలరు?"

గింజలు ఎగురుతూనే ఉన్నాయి.

"గునపమే తల్లీ" అన్నాడు కోనప్ప.

అందరూ అతని వైపు తిరిగారు.

"నీకెలా తెలుసు?"

"రోకలికి అలుపుండదమ్మా. ఒకే పోటున దంచుతూ పోతుంది. ఇవి చూడండి. పది దెబ్బలకు ఎగిరాయి, ఆగాయి. మళ్లీ తొమ్మిది. మళ్లీ ఆగాయి. కింద మనిషి ఉన్నాడు. చెమట తుడుచుకుంటున్నాడు. సాయంత్రానికి ఇక్కడికి వస్తాడు. జనాన్ని కదిలించండి."

మహాలసాదేవి ఇక ఒక్క మాట అడగలేదు. మెట్లెక్కుతూనే ఆజ్ఞలు ఇవ్వసాగింది. పసిపిల్లల తల్లులు ముందు, ముసలివాళ్లు తర్వాత, ఆయుధం పట్టగలిగినవాళ్లు చివర. పైన వేల అడుగుల చప్పుడు మొదలైంది. భైరవుడు తూము తలుపు తీయడానికి పరుగెత్తాడు.

శరభుడు మాత్రం కదలలేదు.

"తాతా, ఈ తేడా నీకెప్పుడు తెలిసింది? నాలుగు పిలుపులప్పుడు తెలీదు కదా. తెలిస్తే ఊదేవాడివి కాదు. ఎప్పుడు తెలిసింది?"

కోనప్ప కంబళి అంచు వేళ్లతో పిసకసాగాడు.

"చెప్పు తాతా! జిగురు పూసింది ఎవరు?"

ముసలాయన తలెత్తాడు. ఏడవలేదు. గొంతు మామూలుగానే ఉంది.

"నేనేరా. నిన్న పొద్దున ఏడో గుంటలో గింజలు ఎగిరాయి. శంఖం తీశాను. నోటిదాకా వచ్చింది. ఏడో బురుజు వంతు ఎవరిది? నీది. మొదటి పేరుగా నిన్ను నేనే పిలవాలి. తిరిగిరానివాళ్లను నాలుగుసార్లు పిలిచాను. నలభై ఎనిమిది మంది తల్లులు నా మొహం చూశారు. ఆ నాలుగుసార్లూ ఒక్క సొరంగం కూలిన జాడ కూడా లేదు, ఇదీ ఉత్తదేలే అనుకున్నాను. ఉత్త మట్టి కోసం నిన్ను పూడ్చడమేమిటి అనుకున్నాను. దండనాయకుడు దిగి గింజలు చూస్తే ఆయనే ఊదుతాడు కదా. అందుకని డప్పులకు పూసే జిగురు తెచ్చి, ఒక్కో గింజా అతికించాను. చెయ్యి వణకలేదు. అదే నాకు వింతగా ఉంది.

"మధ్యాహ్నం ఆయన వచ్చి చూసి పోయాక, నేల మీద చెవి ఆనించి పడుకున్నాను. దెబ్బలు ఆగాయి. మొదలయ్యాయి. మళ్లీ ఆగాయి. అప్పుడు కింద ఎవడో దగ్గాడు శరభా. రోకలి దగ్గదు కదా. అప్పుడు తెలిసింది. అప్పుడు ఊదినా ఊరు నిలిచేది. ఊదుదామనే మెట్లెక్కి వచ్చాను. పైన నువ్వు కూర్చుని గునపానికి పదును పెట్టుకుంటున్నావు. 'తాతా, అంబలి తాగావా?' అని అడిగావు. తాగానన్నాను. జ్వరమని చెప్పి ఇక్కడికి వచ్చి పడుకున్నాను.

"నన్ను ఎవరూ కొనలేదు. ఎవరూ బెదిరించలేదు. ఏ మంత్రమూ నా మీద పారలేదు. ఊరిని నేనే కూల్చాను. నరుకుతావో, వీళ్ల ముందు నిలబెడతావో, నీ ఇష్టం. ఒక్కటి మాత్రం నీతో అబద్ధం చెప్పలేను. నిన్నటి పొద్దు మళ్లీ వస్తే, మెట్ల మీద నువ్వు మళ్లీ కనిపిస్తే, నేను మళ్లీ ఊదను."